అమ్మాయి పోయింది, మనవరాలు మా దగ్గరే ఉంది: తండ్రి అడిగితే మాకు హక్కు ఉంటుందా?

తెనాలి మాస్టారు

అందరికీ నమస్కారం. నేను తెలుగు పండితుడిగా పనిచేసి పదవీ విరమణ చేసి ఏడేళ్లయింది. నాకు 67 సంవత్సరాలు, నా భార్యకు 61. మా ఒక్కగానొక్క అమ్మాయి అయిదేళ్ల క్రితం జబ్బు చేసి కాలం చేసింది. అప్పటికి మనవరాలికి రెండున్నరేళ్లు. పెద్దకర్మ నాడే మా తరఫున ఇద్దరు, వియ్యంకుల తరఫున ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని, పాప అమ్మమ్మ తాతయ్యల దగ్గర పెరుగుతుందని, తండ్రి ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి చూసుకోవచ్చునని వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించి, మా అల్లుడి చేత, నా చేత సంతకాలు పెట్టించి, మర్నాడు నోటరీ కూడా చేయించారు.

అల్లుడు చెడ్డవాడని నేను అనను. హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగం. మొదట్లో నెలకోసారి వచ్చేవాడు, తరువాత పండుగలకు, ఆ తరువాత ఫోనులోనే పలకరింపులు. నిరుడు మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొన్న సంక్రాంతికి భార్యతో కలిసి వచ్చి, జూన్‌లో బడులు తెరిచే నాటికి పాపను తీసుకువెళ్తామని చెప్పాడు. ఆ రాత్రి నుంచి పాప అమ్మమ్మ కొంగు చేతికి చుట్టుకుంటే తప్ప నిద్రపోవడం లేదు.

నా దగ్గరున్న కాగితానికి విలువ ఉందా? ఆయన వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోతే ఆపగలమా? మా వయసు మాకు అడ్డం అవుతుందా? ఇంకొకటి. పెళ్లిలో పసుపు కుంకుమల కింద అమ్మాయి పేర రాసిన అరెకరం పొలం ఉంది. దాని సంగతి ఏమవుతుంది?

గుంటూరు న్యాయవాది

మాస్టారు గారూ, మీరు అడిగిన వరుసలోనే చెబుతాను, మొదటి మాట కొంచెం కష్టంగా ఉంటుంది.

ఆ కాగితం వల్ల మీరు చట్టం దృష్టిలో సంరక్షకులు కారు. బిడ్డ సంరక్షణ అనేది ఇద్దరు పెద్దలు రాసుకుని మార్చుకునే ఆస్తి కాదు. నోటరీ ముద్ర సంతకాలు మీవేనని చెబుతుంది, అంతకు మించి దానికి బలం లేదు. అయితే పారేయకండి. పాప ఏ తేదీ నుంచి మీ దగ్గర ఉన్నదో, అది తండ్రి ఇష్టంతోనే జరిగిందో లేదో చెప్పే సాక్ష్యంగా రేపు అది పనికి వస్తుంది.

హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 1956లోని 6వ సెక్షన్ ప్రకారం పెళ్లికాని మైనరు బాలికకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తరువాత తల్లి. ఆ 'తరువాత' అనే మాటకు తండ్రి చనిపోయాక అని మాత్రమే కాదు, తండ్రి లేనప్పుడు, పట్టించుకోనప్పుడు అని కూడా అర్థం చెప్పాలని గీతా హరిహరన్ కేసులో 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ పట్టికలో తాతలు, అమ్మమ్మలు, నాన్నమ్మలు ఎవరూ లేరు. అదే సెక్షన్ కింద ఉన్న వివరణలో మాత్రం, తండ్రి అన్నా తల్లి అన్నా సవతి తండ్రి, సవతి తల్లి అందులోకి రారని స్పష్టంగా రాశారు. కాబట్టి మీ అల్లుడి గారి రెండో భార్యకు పాప మీద సొంతంగా ఏ హక్కూ లేదు. అయితే రెండో పెళ్లి చేసుకున్నంత మాత్రాన తండ్రి అనర్హుడు కాడు.

ఇక మీకు దారి ఎక్కడ ఉందంటే, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలో ఉంది. దాని 8వ సెక్షన్ కింద మైనరు బంధువు ఎవరైనా, చివరికి స్నేహితుడైనా దరఖాస్తు చేయవచ్చు. 9వ సెక్షన్ ప్రకారం పాప మామూలుగా ఎక్కడ నివసిస్తున్నదో అక్కడి కోర్టుకే అధికారం ఉంటుంది, అంటే హైదరాబాదు కాదు, మీ వైపు కోర్టే. కానీ 19వ సెక్షన్ గుర్తు పెట్టుకోవాలి. తండ్రి గాని తల్లి గాని జీవించి ఉండి, వారు అనర్హులని కోర్టు అభిప్రాయపడనంత వరకు, పాప వ్యక్తిగత సంరక్షకుడిగా మరొకరిని నియమించే వీలు లేదు. తల్లి మాట ఆ సెక్షన్‌లోకి 2010 సవరణతో వచ్చింది, అంతకు ముందు తండ్రి ఒక్కడే ఉండేవాడు.

అయితే అంతా అయిపోయిందా అంటే, లేదు. సంరక్షకత్వం వేరు, కస్టడీ అంటే బిడ్డ ఎవరి ఇంట పెరగాలన్నది వేరు, వచ్చి చూసుకునే వీలు వేరు. 1956 చట్టంలోని 13వ సెక్షన్ ఈ మూడింటికీ పైన నిలబడి, మైనరు శ్రేయస్సే ప్రధానమని అంటుంది. తండ్రి సహజ సంరక్షకుడిగానే ఉంటూ, పాప మీ ఇంట పెరగాలని కోర్టు చెప్పడానికి అడ్డం లేదు.

బెంగళూరు నుంచి ఒక తండ్రి

అందరూ తాతగారి వైపే చూస్తున్నారు కనుక రెండో వైపు కూడా ఒకరు చెప్పాలి. నా భార్య పోయినప్పుడు మా బాబుకు ఏడాదిన్నర. నేను షిఫ్టుల్లో పనిచేస్తూ ఒంటరిగా పసివాణ్ణి సాకలేక, అత్తయ్య మామయ్యల దగ్గర ఉంచాను. అది నేను బాబును వదులుకోవడం కాదు. రాత్రి 8 గంటలకు వీడియో కాల్ చేస్తే నిద్రపోయాడనేవారు. నేను బతిమాలి షిఫ్టు మార్పించుకుని 6 గంటలకు చేస్తే ట్యూషన్‌లో ఉన్నాడనేవారు. మూడేళ్లు గడిచాక, 'వాడికి మీరు అలవాటు లేరు కదా' అన్నారు. అలవాటు లేకుండా చేసింది ఎవరు?

చివరికి కోర్టుకు వెళ్లాను. మొదట రెండు నెలలు ఆదివారాలు కోర్టులోని పిల్లల గదిలో కలిసేలా, తరువాత శని ఆదివారాలు నా దగ్గర ఉండేలా, ఆ పైన వేసవి సెలవులు, చివరికి జూన్ నుంచి పూర్తిగా నా దగ్గర, ఇలా మెట్లు మెట్లుగా ఇచ్చారు. మొదటి ఆదివారం బాబు నన్ను చూసి, 'మీరు కూడా వాయిదాకి వచ్చారా' అని అడిగాడు. నాలుగున్నరేళ్ల పిల్లవాడి నోట వాయిదా అనే మాట! మాస్టారు గారూ, మీ మీద నాకు కోపం లేదు. మీ అల్లుడు తక్కువగా వచ్చాడన్నది నిజమే కావచ్చు. ఎందుకు తగ్గాడో కూడా ఒకసారి అడగండి.

గుంటూరు న్యాయవాది

ఈ తమ్ముడు చెప్పినది నేను కోర్టులో తరచు చూసేదే. సుప్రీంకోర్టు తీర్పులు కూడా రెండు వైపులా ఉన్నాయి, కాబట్టి ఒక్క తీర్పు చేత పట్టుకుని మనదే గెలుపు అనుకోకూడదు.

2008లో కలకత్తా నుంచి వెళ్లిన కేసులో తల్లి అనుమానాస్పదంగా చనిపోయింది, తండ్రి మీద వేధింపుల కేసు నడుస్తోంది, బాబు అమ్మమ్మ తాతయ్యల దగ్గర ఉన్నాడు. కింది కోర్టు, హైకోర్టు తండ్రికి అప్పగించమంటే సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వులను రద్దు చేసింది. తండ్రి మీద ఉన్న క్రిమినల్ కేసును, బాబు ఇష్టాన్ని కింది కోర్టులు తూచవలసినట్టు తూచలేదన్నది అక్కడ కీలకమైంది. 2019లో మహారాష్ట్ర నుంచి వెళ్లిన కేసులో తల్లి క్యాన్సర్‌తో చనిపోయింది, పసిపాపను తల్లి వైపు బంధువులు ఉంచుకున్నారు. బిడ్డను కోర్టు ముందుకు తెచ్చి తనకు ఇప్పించమని తండ్రి హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేశాడు. అక్కడ తండ్రి మీద ఏ మచ్చా లేదు, భార్య జబ్బు వల్లనే బిడ్డ వారి దగ్గరకు చేరింది కనుక, సుప్రీంకోర్టు పాపను తండ్రికే ఇప్పించింది.

మీ కేసు ఈ రెండింటిలో రెండోదానికే దగ్గరగా ఉంది, నేను దాచను. కానీ ఆ పాప చాలా చిన్నది. మీ మనవరాలికి ఏడున్నర, అయిదేళ్ల జీవితం మీ గడపలోనే గడిచింది. 1890 చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం మైనరు వయసు, దగ్గరి బంధుత్వం, సంరక్షకుడు కాదలచిన వ్యక్తి నడవడిక, స్తోమత, ఇంతకు ముందటి అనుబంధం, చనిపోయిన తల్లి లేదా తండ్రి కోరిక చూడాలి. బిడ్డ ఆలోచించి చెప్పగల వయసులో ఉంటే బిడ్డ మాట కూడా వినవచ్చు.

వయసు గురించి అడిగారు. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన కేసులో, కోవిడ్ రెండో విడతలో అహ్మదాబాదులో తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న బాబును గుజరాత్ హైకోర్టు, ప్రభుత్వోద్యోగం చేస్తున్న పెళ్లికాని పిన్ని వరస ఆవిడకు ఇచ్చింది. తాతగారికి 71, నాన్నమ్మకు 63. సుప్రీంకోర్టు దాన్ని మార్చి నాన్నమ్మ తాతయ్యలకే ఇచ్చింది. వయసు, ఆదాయం, పెద్ద కుటుంబం అన్నవి మాత్రమే కొలమానం కావని చెప్పింది. కాబట్టి 67 అన్నది మీకు అడ్డం కాదు. అయితే అక్కడ తండ్రి లేడు, ఇక్కడ ఉన్నాడు, ఆ తేడా మరువకండి.

జగిత్యాల నాన్నమ్మ

నాది వేరే కథ. మా అబ్బాయి గల్ఫ్‌లో పోయాడు. కోడలు రెండేళ్లకు మళ్లీ పెళ్లి చేసుకుని మనవడిని తీసుకుని వెళ్లిపోయింది. పిల్లవాడికి మా ఇంటిపేరు తీసేసి కొత్త ఆయన ఇంటిపేరు బడిలో రాయించిందని తెలిసింది. మా వంశం వాడు కదా, అలా మార్చే హక్కు ఆమెకు ఎక్కడిది? వాణ్ణి చూడనివ్వడం కూడా లేదు. డబ్బు ఖర్చు పెట్టే స్థితి మాకు లేదు.

గుంటూరు న్యాయవాది

అమ్మా, మీ బాధ నాకు అర్థమవుతుంది కానీ ఇంటిపేరు విషయంలో ఆశ పెట్టుకోకండి. సరిగ్గా ఇటువంటి వివాదమే మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. అక్కడ బాబు పుట్టిన కొద్ది నెలలకే తండ్రి చనిపోయాడు, తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది, నాన్నమ్మ తాతయ్యలు 1890 చట్టం కింద దరఖాస్తు వేశారు. కింది కోర్టు సంరక్షకత్వం ఇవ్వలేదు కానీ పరిమితంగా చూసుకునే వీలు కల్పించింది. హైకోర్టు ఇంటిపేరు పాతదే ఉంచమంది. 2022 జూలైలో సుప్రీంకోర్టు, తండ్రి పోయాక తల్లే ఏకైక సహజ సంరక్షకురాలు గనుక ఇంటిపేరు నిర్ణయించేదీ, కావాలంటే దత్తత ఇచ్చేదీ ఆమేనని చెప్పి, హైకోర్టు ఉత్తర్వులోని ఆ భాగాన్ని పక్కన పెట్టింది.

మీరు అడగవలసినది ఇంటిపేరు కాదు, మనవడిని చూసుకునే వీలు. నెలకు ఒక రోజు, పండుగకు ఒక పూట, వారానికి ఒక ఫోను, ఇలా చిన్నగా అడిగితే దొరికే అవకాశం ఉంటుంది. మన దేశంలో తాతలకు, నాన్నమ్మలకు చూసుకునే హక్కు అని ప్రత్యేకంగా రాసిన చట్టం లేదు, కోర్టులు బిడ్డ మేలు చూసి ఇస్తాయి. ఖర్చు గురించి దిగులు వద్దు. 1987 నాటి న్యాయ సేవల సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. మీ జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ సంస్థ కార్యాలయం ఉంటుంది, లేదా 15100కు ఫోను చేయండి. దరఖాస్తు మీ వారి పేరు మీద కాకుండా మీ పేరు మీదే వేయండి.

న్యూజెర్సీ నుంచి

మా దగ్గర తాతలు, అమ్మమ్మలు మనవలను చూసుకునేందుకు కోర్టును అడిగే చట్టం ప్రతి రాష్ట్రంలోనూ ఉంది. అయినా గెలవడం తేలిక కాదు. తగిన తల్లి లేదా తండ్రి తీసుకున్న నిర్ణయానికే ప్రత్యేకమైన బరువు ఇవ్వాలని 2000లో ఇక్కడి సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి, చూడనివ్వకపోతే బిడ్డకు హాని జరుగుతుందని మా రాష్ట్రంలో తాతలే రుజువు చేయాలి. చట్టం ఉంటే చాలనుకునే వారి కోసం చెప్పాను, అంతే.

బ్యాంకు విశ్రాంత ఉద్యోగి

పొలం సంగతి ఎవరూ ముట్టుకోలేదు కనుక నేను చెబుతాను. మాస్టారు గారూ, పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూమి మళ్లీ పుట్టింటికే వస్తుందని మన ఊళ్లలో చాలామంది అనుకుంటారు. హిందూ వారసత్వ చట్టంలో అటువంటి నియమం ఉన్న మాట నిజమే, కానీ అది స్త్రీకి తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తికి, అదీ సంతానం లేనప్పుడు మాత్రమే వర్తిస్తుంది. మీ అమ్మాయికి బిడ్డ ఉంది. కాబట్టి వీలునామా లేకపోతే 15వ సెక్షన్ ప్రకారం ఆ అరెకరం పాపకు, భర్తకు సమానంగా వెళుతుంది, అంటే చెరి పాతిక సెంట్లు.

పాప వాటాను తండ్రి అయినా కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు, తనఖా పెట్టకూడదు, అయిదేళ్లకు మించి కౌలుకు కూడా ఇవ్వకూడదు. అమ్మితే, పాప 18 నిండిన తరువాత మూడేళ్ల లోపు ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు. మీరు పెంచుతున్నారు గనుక మీరు అమ్మవచ్చునా అంటే, న్యాయవాది గారు చెప్పిన 1956 సంరక్షకత్వ చట్టంలోని 11వ సెక్షన్ అసలే కుదరదంటుంది. అందుకని ఇప్పుడే పాసు పుస్తకంలో, రికార్డులో పాప పేరు ఎక్కిందో లేదో చూడండి. కౌలు డబ్బు వస్తుంటే పాప వాటా పాప పేర ఖాతాలోనే పడాలి. తల్లిదండ్రులు కాని వారు మైనరు ఖాతా నడపాలంటే బ్యాంకు కోర్టు ఉత్తర్వు అడుగుతుంది. నేను కౌంటరులో కూర్చున్న ముప్ఫై ఏళ్లలో ఎందరు అమ్మమ్మలను ఈ ఒక్క మాట చెప్పి వెనక్కి పంపానో లెక్క లేదు, అందుకే ఇంత ఓపికగా రాస్తున్నాను.

కర్నూలు సభ్యుడు

ముస్లిం కుటుంబాల వారు చదువుతుంటే ఒక మాట. సున్నీలలో ఒక ధర్మశాస్త్ర సంప్రదాయమైన హనఫీ పద్ధతిలో తల్లి లేనప్పుడు పసిబిడ్డ పెంపకం హక్కు మొదట అమ్మమ్మకే వెళుతుంది. ఆస్తికి సంరక్షకత్వం మాత్రం తండ్రి, ఆయన వీలునామాలో నియమించిన వారు, ఆ తరువాత తండ్రి తండ్రి, ఈ వరుస. పెంపకం, సంరక్షకత్వం వేరన్న మాట మాలో మొదటి నుంచీ ఉన్నదే. కోర్టుకు వెళితే మాకూ 1890 చట్టమే.

తెనాలి మాస్టారు

ఇంతమంది ఇంత ఓపికగా చెప్పినందుకు కృతజ్ఞతలు. బెంగళూరు తండ్రి గారి మాట నాకు గుచ్చుకుంది. అల్లుడికి ఫోను చేసి అడిగాను. రెండేళ్ల క్రితం ఒకసారి వచ్చినప్పుడు పాపకు జ్వరం, నా భార్య గుమ్మంలోనే, 'ఇప్పుడు లేపకు బాబూ' అన్నదట. రెండు గంటలు అరుగు మీద కూర్చుని వెళ్లిపోయాడట. నాకు ఆ సంగతే తెలియదు. నా భార్యకు గుర్తే లేదు.

పోయిన వారం మేమిద్దరం పాపను తీసుకుని హైదరాబాదు వెళ్లి వాళ్లింట్లో రెండు రాత్రులు ఉన్నాం. అల్లుడి రెండో భార్య పాపకు జడ వేయబోతే పాప తల అడ్డంగా ఊపింది. ఆమె దువ్వెన పాప చేతిలోనే పెట్టి, బొమ్మకు వేయమని తాను పక్కన కూర్చుంది. రెండో రోజు కూడా పాప ఆమె చేత జడ వేయించుకోలేదు కానీ రిబ్బను కట్టించుకుంది. నేను గొడవకు వెళ్లే మనసు పోగొట్టుకుని తిరిగి వచ్చాను. అలాగని జూన్‌లో సామాను సర్ది పంపేసే ధైర్యమూ లేదు. అల్లుడు కూడా ఒక ఏడాది ఆగడానికి ఒప్పుకునేలాగే ఉన్నాడు, కానీ మళ్లీ స్టాంపు కాగితమేనా?

గుంటూరు న్యాయవాది

స్టాంపు కాగితం వద్దు. ఇద్దరూ ఒక మాట మీద ఉన్నారు గనుక కేసు వేయకముందే న్యాయ సేవల సంస్థలో దరఖాస్తు పెట్టి లోక్ అదాలత్‌లో రాజీ నమోదు చేయించుకోండి. ఆ అవార్డుకు, అంటే అక్కడ ఇచ్చే రాజీ తీర్పుకు, కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, కోర్టు ఫీజు కూడా ఉండదు. మూడో తరగతి పూర్తయ్యే వరకు పాప మీ దగ్గర, రెండో శనివారం, ఆ మర్నాడు తండ్రి దగ్గర, దసరా, సంక్రాంతి సెలవులు సగం సగం, ఫోను వేళ ఫలానా అని గంటతో సహా రాయించండి. తరువాత పాప తండ్రి దగ్గరికి వెళ్లాక మీకు ఏ రోజులు అన్నది కూడా ఇప్పుడే రాయించండి, చాలామంది తాతలు ఇక్కడే మరచిపోతారు. బడి ఫీజు తండ్రి కట్టాలని రాయండి, పోషణ ఆయన బాధ్యత. పొలంలో పాప వాటా గురించి వేరే పేరా ఉండాలి. పరిస్థితులు మారితే కస్టడీ షరతులను కోర్టు ఎప్పుడైనా మళ్లీ చూడవచ్చు గనుక, ఇది శాశ్వతంగా కట్టేస్తుందని ఇద్దరూ భయపడనక్కర లేదు.

ఒక్క హెచ్చరిక. రాజీ కుదరక రేపు కోర్టుకే వెళ్లవలసి వస్తే పాపకు మాటలు నేర్పకండి. నేను చూసిన ఒక కేసులో జడ్జి గారు పాపను ఛాంబరులోకి పిలిచి, ఎవరి దగ్గర ఉంటావని అడగనే లేదు. ఈ రోజు లంచ్ బాక్సులో ఏముంది, హోంవర్క్ చెయ్యకపోతే ఎవరు తిడతారు, చీకట్లో భయమేస్తే ఎవరిని పిలుస్తావు, ఇవే అడిగారు. నేర్పిన మాటలు మొదటి ప్రశ్నకే రాలిపోతాయి.

తెనాలి మాస్టారు

ఈ సోమవారం వెళ్తున్నాం, అల్లుడు కూడా సెలవు పెట్టి వస్తానన్నాడు. పాప టీకాల కార్డు, అయిదేళ్ల బడి డైరీలు, మా అమ్మాయి మరణ ధ్రువీకరణ పత్రం, పాత స్టాంపు కాగితం తీసి ఉంచాను. డైరీల్లో ప్రతి పేజీలో నా భార్య సంతకమే ఉంది. అసలు కాగితాలే ఇవ్వాలా?

గుంటూరు న్యాయవాది

జిరాక్సులు ఇచ్చి, అసలువి చూపించి వెనక్కి తెచ్చుకోండి. ముఖ్యంగా టీకాల కార్డు ఎవరికీ ఇవ్వవద్దు. మీరిద్దరూ, మీ అల్లుడు ఆధార్ కార్డులు తెచ్చుకోండి. పాపను ఆ రోజు బడికి పంపండి.